పాత ఫ్యామిలీ ఎస్‌యూవీలో ఏ సంవత్సరం మోడల్ నమ్మదగినది? శ్రీకాకుళం, విజయనగరం వాసులు తరచుగా అడిగే ప్రశ్నలు

సంక్రాంతికి నెల రోజుల ముందు నుంచి నాకు ఒకే రకం ఫోన్లు వస్తుంటాయి. హైదరాబాదులోనో విశాఖలోనో ఉద్యోగం చేసే మేనల్లుడు ఒకడు, పండక్కి అమ్మానాన్నల్ని అరసవల్లి, శ్రీకూర్మం తిప్పడానికి పాత ఎస్‌యూవీ ఒకటి చూశానని చెప్పి, "మావయ్యా, 2019 మోడలట, మంచి ఏడాదేనా?" అని అడుగుతాడు. ఏడాది అంకె ఒక్కటే విని నేనేమీ చెప్పలేను. ఆ తర్వాత మా మధ్య నడిచే ప్రశ్నలు మాత్రం ప్రతిసారీ దాదాపు ఇవే కాబట్టి వాటినే ఇక్కడ రాస్తున్నాను.

మోడల్ అంటే బండి తయారైన ఏడాదా, రిజిస్ట్రేషన్ అయిన ఏడాదా?

తయారైన నెల, సంవత్సరమే లెక్క. అమ్మేవారు రిజిస్ట్రేషన్ ఏడాదినే మోడల్‌గా చెబుతారు, ఎందుకంటే రెండింటిలో అదే కొత్తగా కనిపిస్తుంది. కొత్త బండి కొనేవారిలో చాలామంది డిసెంబరులో తీసుకోకుండా జనవరి దాకా ఆగుతారు గనుక, ముందు ఏడాది చివర తయారై యార్డులో నిలిచిపోయిన బండికి మరుసటి ఏడాది నంబరు రావడం మామూలే. ఆర్సీ మీద తయారీ నెల, సంవత్సరం విడిగా ఉంటాయి. దాని మీద అనుమానం ఉంటే 17 అక్షరాల ఛాసిస్ నంబరులో ఏడాదిని సూచించే అక్షరం చూడవచ్చు. జే అంటే 2018, కే అంటే 2019, ఎల్ అంటే 2020, ఎం అంటే 2021, ఎన్ అంటే 2022, పీ అంటే 2023. ఆ అక్షరం ఎన్నో స్థానంలో ఉంటుందన్నది కంపెనీని బట్టి మారుతుంది కాబట్టి ఆ కంపెనీ పద్ధతి ముందుగా తెలుసుకోవాలి.

ఈ తేడా అన్నిటికన్నా ఎక్కువగా దెబ్బతీసేది "2020 మోడల్" అనే మాట దగ్గర. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా పొగ కాలుష్యాన్ని తగ్గించే బీఎస్6 నిబంధన వచ్చింది, దానికి ముందున్నది బీఎస్4. అంతకు ముందు నెలల్లో షోరూములు మిగిలిన బీఎస్4 బండ్లను తగ్గింపు ధరలకు వదిలించుకున్నాయి. అందువల్ల 2019లో తయారై 2020 మార్చిలో నంబరు తెచ్చుకున్న బీఎస్4 బండి, 2020 చివర తయారైన బీఎస్6 బండి రెండూ బజారులో ఒకే పేరుతో అమ్ముడవుతున్నాయి. ఇంజిన్, పొగగొట్టం, నిర్వహణ ఖర్చు అన్నీ వేరైన రెండు బండ్లవి. ఆర్సీలో ఉద్గార ప్రమాణం ఏమని ఉందో చూడకుండా 2020 బండికి బయానా ఇవ్వకూడదు.

అన్ని కంపెనీలకూ వర్తించే సూత్రం ఏదైనా ఉందా?

నేను పాటించే సూత్రం ఒకటుంది. పలానా ఏడాది శుభమైనదని వెతకడం కాకుండా, ఆ ఇంజిను, ఆ గేరుబాక్సు కలిసి బజారులోకి వచ్చి ఎన్నాళ్ళయ్యాక ఈ బండి తయారైందో లెక్కపెట్టాలి. కొత్త తరం బండి వచ్చిన మొదటి పది పన్నెండు నెలల్లో తయారైనవాటిని వదిలేసి, రెండో ఏడాది నుంచి తర్వాతి పెద్ద మార్పు దాకా తయారైనవాటిలో వెతకడం మేలు. మొదటి ఏడాదిలో బయటపడిన లోపాలను కంపెనీ నడుస్తున్న ఉత్పత్తిలోనే సరిదిద్దుతూ పోతుంది. వైరింగు దారి మార్చడం, రబ్బరు భాగం మార్చడం, సాఫ్ట్‌వేర్ దిద్దడం వంటి ఆ చిన్న చిన్న సవరణల గురించి ప్రకటనలేమీ ఉండవు, బండి పేరు కూడా మారదు. మెకానిక్కులకు అలవాటు, బయటి విడిభాగాల లభ్యత కూడా ఆ కాలానికే స్థిరపడతాయి.

ఇక్కడ ఫేస్‌లిఫ్ట్‌కూ తరం మార్పుకూ తేడా గమనించాలి. ముందు బంపరు, లైట్లు మాత్రమే మారి లోపల ఇంజిను పాతదే ఉంటే ఆ ఫేస్‌లిఫ్ట్ మొదటి ఏడాది బండికి భయపడనక్కరలేదు. అదే తరంలో ఇంజిను మాత్రం కొత్తగా వస్తే లెక్క మళ్ళీ మొదటి నుంచి పెట్టాలి.

ఆ సూత్రం ప్రకారం మన వైపు ఎక్కువగా దొరికే బండ్లలో ఏ ఏడాదులు చూడాలి?

ఇన్నోవా క్రిస్టా 2016 మేలో వచ్చింది. దాన్ని ఎస్‌యూవీ అనకూడదని వాదించేవారు ఉన్నారు గానీ, ఏడుగురు ఎక్కే కుటుంబం విషయంలో ఆ వాదన అనవసరం. ఇందులో 2.4 లీటర్ల డీజిలు, మాన్యువల్ గేరుతో 2018, 2019లలో తయారైన బండి నా మొదటి ఎంపిక. బీఎస్6 క్రిస్టా 2020లో వచ్చింది కాబట్టి, బీఎస్6 కావాలనుకుంటే 2021 చివరి నుంచి తయారైనది చూడవచ్చు. ఈ బండి ధర తగ్గదు, తగ్గిందంటే కారణం ఉంటుంది. ఆ కారణం చాలాసార్లు పసుపు ప్లేటు. దాని గురించి కింద వేరే ప్రశ్న ఉంది.

విటారా బ్రెజా 2016 మార్చి నుంచి 2020 ఆరంభం దాకా డీజిలు ఇంజినుతో మాత్రమే వచ్చింది. ఫియట్ నుంచి వచ్చిన ఆ 1.3 లీటర్ల ఇంజిన్ను ఇచ్ఛాపురం నుంచి విజయనగరం దాకా ఏ మెకానిక్కయినా కళ్ళు మూసుకుని విప్పగలడు. ఎన్నో కార్లలో వాడిన ఇంజిను గనుక సామాన్లకూ కొరత లేదు. డీజిలు బ్రెజాలో 2018 రెండో సగం నుంచి 2019 చివరి దాకా తయారైనవాటిని చూడండి. పెట్రోలు కావాలంటే 1.5 లీటర్ల ఇంజిను 2020 ఫిబ్రవరిలో వచ్చింది కాబట్టి 2021, 2022 ఆరంభపు బండ్లు సరిపోతాయి. 2022 నడి మధ్యలో కొత్త తరం మొదలైంది, దానికి 2023 చివరి నుంచి లెక్కపెట్టాలి.

క్రెటా మొదటి తరం 2015 జులైలో, దాని ఫేస్‌లిఫ్ట్ 2018 మేలో, రెండో తరం 2020 మార్చిలో వచ్చాయి. మొదటి తరంలో 1.6 డీజిలుతో 2018 మధ్య నుంచి 2019 చివరి దాకా, రెండో తరంలో 2021 మధ్య నుంచి 2023 దాకా తయారైనవి మంచివి. సెల్టోస్ మన రాష్ట్రంలోనే, పెనుకొండ దగ్గరి కర్మాగారంలో 2019లో మొదలై, ఆ ఆగస్టు నుంచే బీఎస్6గా అమ్ముడైంది. అందులో 2021, 2022 బండ్లు నా సూత్రానికి సరిపోతాయి.

స్కార్పియోకు మన పల్లెల్లో ఉన్న గౌరవం వేరు. 2017 నవంబరు ఫేస్‌లిఫ్ట్ తర్వాతి పాత స్కార్పియోలో 2018, 2019 బండ్లు చూడవచ్చు. స్కార్పియో-ఎన్ 2022 జూన్‌లో వచ్చిన పూర్తిగా కొత్త బండి కాబట్టి 2023 మధ్యకు ముందు తయారైనవాటిని నేను సూచించను. ఎక్స్‌యూవీ700 2021 ఆగస్టులో వచ్చింది. దానికీ 2023 రెండో సగం నుంచే చూడమంటాను, ఎందుకో తర్వాతి ప్రశ్నలో తెలుస్తుంది. నెక్సాన్ 2017 సెప్టెంబరులో మొదలై 2020 జనవరిలో బీఎస్6తో మారింది. అందువల్ల పాతదానిలో 2019, మారినదానిలో 2021 చివరి నుంచి 2023 మధ్య దాకా చూడాలి.

డస్టర్, ఎకోస్పోర్ట్ ఇప్పుడు చౌకగా వస్తాయి. ఫోర్డ్ ఇక్కడ ఉత్పత్తి ఆపుతున్నట్టు 2021 సెప్టెంబరులో ప్రకటించింది, ఆ తరం డస్టర్ 2022లో ఆగింది. ఈ రెండింటి డీజిలు ఇంజిన్లకు టైమింగ్ బెల్టు ఉంటుంది. అది గడువుకు మార్చిన బిల్లు చూపించలేని బండిని ఎంత చౌకైనా తీసుకోవద్దు, బెల్టు తెగితే ఇంజినే పోతుంది.

రీకాల్ జరిగిన ఏడాది మోడల్ కొనకూడదా?

రీకాల్ అంటే లోపం సరిచేయడానికి అమ్మిన బండ్లను కంపెనీ వెనక్కి పిలవడం. కొనవచ్చు, ఆ పని పూర్తయి ఉంటే. ఎక్స్‌యూవీ700లో 2021 జూన్ 8 నుంచి 2023 జూన్ 28 వరకు తయారైన 1,08,306 బండ్లను ఇంజిను దగ్గరి వైరింగు రాపిడికి గురయ్యే అవకాశం ఉందని 2023 ఆగస్టులో తనిఖీకి పిలిచారు. స్కార్పియో-ఎన్‌లో 2022 జులై 1 నుంచి నవంబరు 11 మధ్య తయారైన 6,618 మాన్యువల్ బండ్లను క్లచ్ దగ్గరి బెల్ హౌసింగ్‌లోని రబ్బరు భాగం కోసం పిలిచారు. మొదటి ఏడాది బండ్లను వదలమని నేను చెప్పేది ఇందుకే. కంపెనీ తనంతట తాను పిలిచి సరిచేయడం తప్పుగా చూడవలసింది కాదు. పిలిచినా బండిని తీసుకెళ్ళని యజమాని దగ్గరే జాగ్రత్త అవసరం. ఛాసిస్ నంబరు చెబితే ఆ పని జరిగిందో లేదో అధీకృత సర్వీసు సెంటరులో చెబుతారు, మిగిలి ఉంటే ఉచితంగానే చేస్తారు.

డీజిలు తీసుకోవాలనుకుంటే బీఎస్4 మంచిదా, బీఎస్6 మంచిదా?

మీరు రోజూ ఎంత దూరం, ఎలాంటి దారిలో తిరుగుతారన్న దానిమీద ఆధారపడుతుంది. బీఎస్6 డీజిలు బండి పొగగొట్టంలో మసిని పట్టి ఉంచే వడపోత ఒకటి ఉంటుంది, మెకానిక్కులు దాన్ని డీపీఎఫ్ అంటారు. ఆ మసి కాలిపోవాలంటే బండి అప్పుడప్పుడూ ఇరవై నిమిషాలైనా ఆగకుండా వేగంగా సాగాలి. జాతీయ రహదారి 16 మీద నరసన్నపేట నుంచి పలాస దాకానో, రణస్థలం మీదుగా విశాఖ దాకానో వారానికి ఒకసారి వెళ్ళేవారికి ఆ పని తెలియకుండానే జరిగిపోతుంది. శ్రీకాకుళంలో ఏడురోడ్ల కూడలి నుంచి బడికి, బడి నుంచి బజారుకు, మళ్ళీ ఇంటికి మూడేసి కిలోమీటర్లు తిరిగే కుటుంబం బీఎస్6 డీజిలు కొంటే, ఆ వడపోత మూసుకుపోయి డాష్‌బోర్డు మీద లైటు వెలగడం ఖాయం. అది మార్చవలసి వస్తే చాలా ఖర్చు. కొందరు దాన్ని పీకేయించి సాఫ్ట్‌వేర్ మార్పించి అమ్మేస్తారు. అలాంటి బండి పొగగొట్టం చివర వేలు పెడితే నల్లని మసి అంటుకుంటుంది. వడపోత సక్రమంగా ఉన్న బండిలో గొట్టం లోపలి అంచు దాదాపు శుభ్రంగా ఉంటుంది.

అందువల్ల ఊళ్ళో తిరుగుడే ఎక్కువైన ఇంటికి పెట్రోలు చెబుతాను. నెలకు నాలుగైదుసార్లు దూర ప్రయాణాలుంటే బీఎస్6 డీజిలు, రెండూ కలగలిసి ఉండి బడ్జెట్ తక్కువైతే 2018, 2019ల బీఎస్4 డీజిలు మంచివి. మన రెండు జిల్లాల్లో బీఎస్4 డీజిలు తిప్పడానికి అడ్డంకి ఏమీ లేదు. ప్రైవేటు కారుకు రిజిస్ట్రేషన్ 15 ఏళ్ళు చెల్లుతుంది, ఆపైన ఫిట్‌నెస్ చూపించి పొడిగించుకోవాలి.

ఢిల్లీ బండ్లు అంత చౌకగా ఎందుకు వస్తున్నాయి?

ఢిల్లీ రాజధాని ప్రాంతంలో పదేళ్ళు దాటిన డీజిలు బండ్ల మీద ఏళ్ళ తరబడి ఆంక్షలు నడిచాయి గనుక, తొమ్మిదో ఏడాదిలోనే వాటిని అమ్మేయడం అలవాటైంది. బండి బాగానే ఉండవచ్చు. కానీ అక్కడి రవాణా శాఖ నుంచి ఎన్‌ఓసీ, అంటే అభ్యంతరం లేదన్న పత్రం తేవాలి, ఇక్కడ మళ్ళీ జీవితకాల పన్ను కట్టాలి, ఏపీ నంబరు తీసుకోవాలి. ఇవన్నీ కలిపితే చౌకదనం చాలామటుకు కరిగిపోతుంది. ఇచ్ఛాపురం, పాతపట్నం వైపు వచ్చే ఒడిశా నంబరు బండ్లకూ ఇదే లెక్క. "ముందు తిప్పుకోండి, నంబరు తర్వాత మార్చుకోవచ్చు" అని బ్రోకరు అంటే, ఆ మార్పు ఖర్చు ముందే ధరలోంచి తగ్గించమని అడగండి, అతని నమ్మకం ఎంతో తెలిసిపోతుంది.

సముద్రం దగ్గరి ఊళ్ళ బండ్లు కొనవచ్చా? తుఫానులో మునిగిన బండిని ఎలా గుర్తించాలి?

ఏడాది ఎంత మంచిదైనా ఇక్కడ ఓడిపోతుంది. కళింగపట్నం, భావనపాడు, చింతపల్లి, భీమిలి వంటి చోట్ల ఆరుబయట నిలబెట్టిన ఆరేళ్ళ బండి, పార్వతీపురంలో షెడ్డులో ఉన్న పదేళ్ళ బండికన్నా ఎక్కువ తుప్పు పట్టి ఉండవచ్చు. స్కార్పియో, ఇన్నోవా వంటి, నిచ్చెన ఆకారపు ఇనుప చట్రం (ఛాసిస్) మీద కూర్చున్న బండ్లలో కింది పట్టీల లోపలి వైపు, వెనక యాక్సిల్ బిగింపుల దగ్గర చూడాలి. క్రెటా, బ్రెజా వంటివాటిలో తలుపుల అడుగు అంచులు, వెనక చక్రాల గుంతలు, బ్రేకు గొట్టాలు చూడాలి. లిఫ్టు మీద ఎక్కించకుండా ఇవి కనిపించవు. అమ్మే ముందు కొత్తగా నల్లని అండర్ కోటింగ్ కొట్టించిన బండి కనిపిస్తే నాకు అనుమానం పెరుగుతుంది. పాత కోటింగు మీద బురద మరకలు ఉండటమే సహజం.

ఇప్పుడు పాత బండ్ల బజారులో ఉన్నవి 2014 అక్టోబరు హుద్‌హుద్, 2018 అక్టోబరు తిత్లీ, 2021 సెప్టెంబరు గులాబ్ తుఫానులను చూసిన బండ్లు. వీటికి తోడు 2024 సెప్టెంబరులో విజయవాడలో బుడమేరు వరద, అంతకు ముందు చెన్నై వరదలు. మునిగిన బండి ఊరు మారి అమ్ముడవుతుంది గనుక, అది మన జిల్లాలో మునిగిందా అని కాకుండా ఎక్కడైనా మునిగిందా అని చూడాలి. సీటు బెల్టును చివరి దాకా లాగితే, రోజూ బయటికి రాని భాగం మీద బురద గీత కనిపిస్తుంది. సీటు కింది పట్టాలు, స్పేరు టైరు గుంతలో ఒండ్రు, ఫ్యూజు పెట్టె లోపలి స్క్రూల మీద తుప్పు చూడండి. ఏసీ వేసిన మొదటి నిమిషంలో ముక్కిన వాసన వస్తే ఇంకేమీ చూడకుండా తిరిగి రావచ్చు. మా ఇంట్లోవారు ఒకరు సుగంధం డబ్బా మూడు చోట్ల పెట్టిన బండిని ముచ్చటపడి కొన్నారు. ఎండాకాలం వచ్చేసరికి పవరు విండోలు ఒక్కొక్కటే పనిచేయడం మానేశాయి.

హుద్‌హుద్‌లో మునగకపోయినా చెట్టు విరిగి పడిన బండ్లు ఎన్నో ఉన్నాయి. పైకప్పు, బానెట్ల రంగు మందం తలుపుల రంగుతో పోల్చి చూడండి.

టాక్సీగా తిరిగిన బండి అని ఎలా తెలుస్తుంది? మీటరు తిప్పారేమో ఎలా పట్టుకోవాలి?

పసుపు ప్లేటును తెల్ల ప్లేటుగా మార్చడం చట్టబద్ధమే. ఆ సంగతి దాచి అమ్మడమే తప్పు. రవాణా శాఖ వెబ్‌సైటు పరివాహన్‌లో నంబరు కొట్టి వాహన తరగతి, యజమానుల సంఖ్య చూడండి. 2019 నుంచి రాష్ట్రమంతటికీ ఏపీ 39 వరుస రావడంతో, ఒకప్పటిలా ఏపీ 30 అంటే శ్రీకాకుళం, ఏపీ 35 అంటే విజయనగరం, ఏపీ 31 అంటే విశాఖ అని ప్లేటు చూసి ఊరు చెప్పే వీలు పోయింది.

మీటరు విషయంలో టైరు పక్క గోడ మీద నాలుగు అంకెలు చూడాలి. 3519 అంటే 2019లో 35వ వారం తయారైన టైరు. నలభై వేలు తిరిగిందని చెప్పే ఆరేళ్ళ బండికి రెండో జత టైర్లు కూడా అరిగిపోయి ఉంటే లెక్క కుదరదు. క్లచ్ పెడలు రబ్బరు, స్టీరింగు తోలు, డ్రైవరు సీటు బయటి అంచు చెప్పేది మీటరుకన్నా నమ్మదగినది. సర్వీసు సెంటరులో నంబరు చెప్పి పాత జాబ్ కార్డులు ఏ తేదీన ఎన్ని కిలోమీటర్లు చూపించాయో రాయించుకుంటే వివాదమే ఉండదు.

ఇన్సూరెన్స్ కాగితంలో మరో ఆధారం ఉంది. అయిదేళ్ళు వరసగా క్లెయిము చేయకుండా పాలసీ కట్టుతూ వచ్చిన యజమానికి నో క్లెయిమ్ బోనస్ 50 శాతం ఉండాలి. అది సున్నా అయితే ఇటీవల క్లెయిము పడిందన్నమాట, దేనికని అడగండి. ఆ బోనస్ యజమానిదే గానీ బండిది కాదు, మీకు రాదు.

ఆటోమేటిక్ తీసుకోవచ్చా?

ఇంజిను శక్తిని నూనె ద్వారా గేర్లకు అందించే టార్క్ కన్వర్టరు రకమైతే సందేహించనక్కరలేదు. నూనెలో మునగని రెండు క్లచ్‌లతో నడిచే పొడి డ్యుయల్ క్లచ్ గేరుబాక్సు మాత్రం ఎస్.కోట నుంచి అనంతగిరి ఎక్కేటప్పుడు ఆదివారపు అరకు రద్దీలో అంగుళం అంగుళం కదిలితే వేడెక్కుతుంది. వారంటీ లేకుండా అది కొనవద్దు.

భద్రత కోసం ఏ ఏడాది తర్వాతిది చూడాలి?

2019 జులై నుంచి అన్ని కార్లకూ డ్రైవరు ఎయిర్‌బ్యాగు తప్పనిసరి అయింది, గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏబీఎస్ ఆ ఏప్రిల్ నుంచే వచ్చింది. ముందు సీటులో పక్కవారి ఎయిర్‌బ్యాగు 2021 డిసెంబరు 31 తర్వాతి అన్ని బండ్లకూ ఉంటుంది. అంతకు ముందు తయారైన బేసిక్ వేరియంట్లలో అది ఉందో లేదో చూసుకోవాలి. ఒకే పేరున్న బండి గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ చేసే ఢీకొట్టే పరీక్షలో తరాన్ని బట్టి ఎంత మారుతుందో స్కార్పియో చెబుతుంది. 2016లో ఎయిర్‌బ్యాగులు లేని స్కార్పియోకు సున్నా నక్షత్రాలు వస్తే, 2022లో స్కార్పియో-ఎన్‌కు అయిదు వచ్చాయి. నెక్సాన్ 2018 డిసెంబరులోనే అయిదు తెచ్చుకుంది.

పెట్రోలు బండికి ఇథనాల్ వల్ల ఇబ్బంది ఉందా?

2023 ఏప్రిల్ నుంచి వచ్చిన పెట్రోలు బండ్ల రబ్బరు, లోహపు భాగాలు 20 శాతం ఇథనాల్‌ను తట్టుకునేలా తయారయ్యాయి. అంతకు ముందువాటిలో మైలేజీ కొంత తగ్గుతుంది, పాత రబ్బరు గొట్టాలు మార్చవలసి రావచ్చు. రెండు మంచి ఏడాదుల మధ్య తేల్చుకోలేనప్పుడు నేను ఈ తేదీని చూస్తాను.

ధర ఎక్కువ చెబుతున్నారనిపిస్తే?

2025 సెప్టెంబరు 22 నుంచి కొత్త కార్ల జీఎస్టీ తగ్గింది. నాలుగు మీటర్ల లోపు చిన్న ఇంజిను బండ్లకు 18 శాతం, పెద్ద ఎస్‌యూవీలకు సెస్సు లేకుండా 40 శాతం అయింది. చాలామంది అమ్మకందారులు తగ్గకముందు నాటి కొత్త బండి ధరనే ఇంకా మనసులో పెట్టుకుని బేరం చెబుతారు. ఈనాటి ఆన్‌రోడ్ ధర కాగితం చేతిలో పెట్టుకుని వెళ్ళండి.

చివరగా బండిని చూడటానికి ఎప్పుడు, ఎలా వెళ్ళాలి? కాగితాలేమిటి?

పొద్దున్నే, ఇంజిను చల్లగా ఉండగా వెళ్ళాలి. వస్తున్నామని తెలిసి ముందే వేడి చేసి ఉంచిన ఇంజిను స్టార్టింగ్ లోపం చూపించదు. బానెట్ మీద చెయ్యి పెట్టి చూశాకే తాళం అడగండి. హైవే మీద పదిహేను కిలోమీటర్లు, ఆ తర్వాత ఒక ఎత్తుపల్లాల దారి నడపండి. సాలూరు లారీల ఊరు గనుక అక్కడి నుంచి కొరాపుట్ వైపు ఘాట్ ఎక్కించి చూపించే మెకానిక్ దొరికితే అంతకన్నా పరీక్ష అక్కరలేదు. నాలుగో గేరులో ఎక్కుతూ గట్టిగా తొక్కినప్పుడు ఇంజిను శబ్దం పెరిగి వేగం పెరగకపోతే క్లచ్ ప్లేటు అయిపోయినట్టే.

కాగితాల్లో యాజమాన్యం మార్చే ఫారం 29, 30 మీద సంతకాలు, లోను ఉండి ఉంటే అది తీరిందని బ్యాంకు ఇచ్చిన ఫారం 35, ఎన్‌ఓసీ, చలానాల బకాయి వివరం తీసుకోండి. ఇన్సూరెన్స్ మీ పేరిట మార్చమని 14 రోజుల్లోగా కంపెనీకి రాయాలి. ట్రాన్స్‌ఫర్ రవాణా శాఖలో నమోదయ్యే దాకా మొత్తం సొమ్ము ఇవ్వకుండా కొంత ఆపి ఉంచితే, సంతకాల కోసం అమ్మిన ఆయన ఫోను ఎత్తుతూనే ఉంటాడు.